నీళ్ళలో మొదటి గాటు

23 అక్టోబర్ 2005, ఆదివారం. వనపర్తి.

ఉదయం 7.20. ఈరోజు నుంచి డైరీ రాస్తున్నాను. కారణం ఉంది.

పేపరు ఆదివారం పేజీలో ఒక ఫోటో వేశారు. ఏదో దేశంలో చెరువు అడుగున మనుషులు. వీపుకి గాలి సిలిండర్, కళ్ళకు అద్దం, చేతిలో కత్తి. ఎదురుగా గుమ్మడికాయ. దానికి కళ్ళు, ముక్కు, పళ్ళు చెక్కుతున్నారు. నీళ్ళ కింద! పోటీ అట. గెలిచింది ఒక ఆవిడ. నా వయసే ఉంటుంది, నాకంటే కొంచెం లావు.

పైకి చదివి వినిపించాను. మా ఆయన మహిపాల్ (మార్కెట్ దగ్గర ఎరువుల దుకాణం) టీ తాగుతూ నవ్వాడు.

“ఉమా, నీకు చెంబెడు నీళ్ళు నెత్తిమీద పడితెనే ఊపిరాడదు. నీకెందుకు గివన్ని?”

ఉడుకుమోత్తనం నాకు పుట్టుకతో వచ్చింది. నేనూ కోస్తానన్నాను. మన పొలం బావిలోనే కోస్తానన్నాను.

నా కూతురు మానస అక్కడే ఉంది. ఏడో తరగతి. మూడేళ్ళుగా ఈత నేర్పించమని అడుగుతోంది. వీధిలో మగపిల్లలంతా మా బావిలోనే దూకుతారు. ఇది గడ్డ మీద కూర్చుని వాళ్ళ అంగీలకు కాపలా కాస్తుంది. ఆడపిల్లకు ఈతెందుకని ఆయన. ఇంకో ఏడాదికి పెద్దమనిషైతే ఆ గడ్డ మీదికి కూడా పోనివ్వరు.

“నాయినా, అమ్మ బావిల దిగి కోస్తే నన్ను ఈతకు పంపుతవా?” అని అడిగింది.

“పంపుత పో. మీ అమ్మ నీళ్ళల్ల గుమ్మడికాయకు మొకం చెక్కి చూపించిన్నాడు నువ్వు ఈత నేర్సుకో. నవంబర్ ఆరు దాకా టైము. దాటితే ఇగ ఈత మాట ఎత్తొద్దు.”

రెండు వారాలు నాకు చాలా ఎక్కువని ఆయన ఉద్దేశం. నేను మొదలుపెట్టిన పనుల ఆయుష్షు ఆయనకు తెలుసు:

పొద్దున నడక – తొమ్మిది రోజులు.
ఇంగ్లీషులో మాట్లాడటం – పన్నెండు రోజులు.
ఊలు స్వెటర్ – ఒక చెయ్యి.

ఈసారి అలా కాదు. ఈసారి పిల్ల మాట ఉంది.

7.50. మా పుట్టిల్లు ఉప్పునుంతలకు ఫోన్ చేశాను. మా చిన్నాయన కొడుకు శాంతయ్య డ్యాం గేట్లకు నీళ్ళ కింద వెల్డింగ్ చేస్తాడు. సొంత సిలిండర్ ఉంది. ప్రస్తుతం సెలవు. జర సిలిండర్ పట్టుకుని రా తమ్మీ అంటే, “వస్త అక్కా” అన్నాడు. ఎందుకని అడగలేదు. ఆరు గుమ్మడికాయలు కూడా తెమ్మన్నాను. అప్పుడు అడిగాడు.

24 అక్టోబర్, సోమవారం

5.40. అలారం లేకుండా లేచాను.
5.50. బకెట్లో ముఖం పెట్టాను. రెండు లెక్కపెట్టాను.
5.55. మూడు.
6.15. అయిదు. ముక్కులోకి నీళ్ళు పోయాయి.

దగ్గు విని అత్తమ్మ వచ్చింది. కోడలు బకెట్లో తల పెట్టుకుని కూర్చోవడం చూసింది. నేరుగా వెళ్ళి కొడుకుని లేపింది.

సాయంత్రానికి తొమ్మిది దాకా లెక్కపెట్టాను. మానస కూడా పక్కన కూర్చుని లెక్కపెట్టింది. అది కొంచెం నిదానంగా లెక్కపెడుతుందని నా అనుమానం.

25 అక్టోబర్, మంగళవారం

7.00. మొదటి బస్సుకే శాంతయ్య దిగాడు. భుజాన సిలిండర్, బస్సు టాపు మీద ఆరు గుమ్మడికాయలు. కాయలు చూసి మనసు నిండింది. ఒక్కొక్కటి పసిపిల్లాడంత బరువు.

7.30. బావిలో దిగేముందు ఇంట్లోనే సాధన చేద్దామని కత్తి తీశాను. అత్తమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. ఆవిడ పరుగెత్తగలదని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

“మొగోని చెయ్యి పడకముందే నిండు కాయ మీద కత్తి పెడతవా? ఇంట్ల మొగోడు లేడా?”

మర్చేపోయాను. నిండు గుమ్మడికాయను ఆడది కోయకూడదు. మగవాడు మొదటి గాటు పెట్టాలి. ఆ తర్వాత ఆడది ఎన్ని ముక్కలైనా చేసుకోవచ్చు. మా అమ్మ కూడా అంతే. నాన్న ఊళ్ళో లేకపోతే కాయ చంకన పెట్టుకుని పక్కింటికి వెళ్ళి గాటు పెట్టించుకుని వచ్చేది.

ఆయన సగం గడ్డానికి సబ్బు నురగతో వచ్చి గాటు పెట్టి వెళ్ళాడు. మిగతాది నేను చెక్కాను. రెండు కళ్ళు, ముక్కు, నోరు. పొద్దున్నే లేచినప్పుడు ఆయన ముఖంలాగే వచ్చింది. మానస పడీపడీ నవ్వింది. తర్వాత ముఖాన్ని పులుసు పెట్టాను.

10.00. సిలిండర్ మీద గడియారంలాంటిది ఉంది. దాని ముల్లు రెండొందల దగ్గర ఉంది. అది నింపాలంటే హైదరాబాదు పోవాలి. ఉన్న గాలి జాగ్రత్తగా వాడుకోవాలని శాంతయ్య గట్టిగా చెప్పాడు. ఈలోపు వీధి ఆడవాళ్ళు వచ్చేశారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుక్క. కాదంటే ఎలా? రేపు వాళ్ళింటికి చక్కెరకు పోవాలి.

11.00. ముల్లు నూట డెబ్బై.

26 అక్టోబర్, బుధవారం

6.30. బావి దగ్గరికి వెళ్ళాం. నేను, శాంతయ్య, మానస, ఒక గుమ్మడికాయ. వానలు బాగా పడ్డాయి, నీళ్ళు నిండుగా ఉన్నాయి. రాతి మెట్లు నీళ్ళలోకి దిగిపోతాయి. ఏడో మెట్టు మీద కూర్చుని కోయాలని పథకం. అక్కడ కూర్చుంటే తల మీద రెండు మూరల నీళ్ళు ఉంటాయట.

6.40. మొదటి మెట్టు దిగాను. పాదాలు తడిశాయి.
6.55. రెండో మెట్టు.
7.10. రెండో మెట్టే. ఆలోచిస్తున్నాను.

ఇంతలో శాంతయ్య కాయను నీళ్ళలో పడేశాడు. అది మునగలేదు. తేలుతూ బావి మధ్యకి పోయింది. గుమ్మడికాయ తేలుతుందని నాకు తెలియదు. నలభై ఏళ్ళు వస్తున్నాయి, ఇన్ని కాయలు వండాను, ఎప్పుడూ నీళ్ళలో వేసి చూడలేదు.

“అక్కా, నువ్వేమో మునుగుతవ్, కాయేమో తేలుతది. ఇద్దర్నీ ఒక్క తాన ఉంచేదెట్ల?” అని శాంతయ్య తల గోక్కున్నాడు.

మానసను నీళ్ళలో దింపి కాయ పట్టుకోమన్నాం. దాని నడుముకు తాడు కట్టి చివర శాంతయ్య పట్టుకున్నాడు. కాయ పట్టుకోవడం ఈత కాదు. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాను. ఎందుకంటే ఈ డైరీ బియ్యం డబ్బా మీద ఉంటుంది, ఆయన చదవడని నాకేమీ నమ్మకం లేదు.

27 అక్టోబర్, గురువారం

6.30. మూడో మెట్టు. మోకాళ్ళు దాటాయి. శాంతయ్య మెచ్చుకున్నాడు.

మానస కాయను ఆ గోడ దాకా తీసుకుపోయి మళ్ళీ ఇటు తెచ్చింది. పదకొండుసార్లు. కాళ్ళు ఆడించకపోతే కాయ కదలదు మరి.

రాత్రి 8.00. ఇంట్లో అలజడి. ఇప్పటిదాకా వండినవి: గుమ్మడికాయ పులుసు, గుమ్మడికాయ కూర, గుమ్మడికాయ పప్పు, గుమ్మడికాయ హల్వా. ఆయన కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

“రేపు ఏం చేస్తున్నవ్?”

“గుమ్మడికాయ వడియాలు.”

“నేను దుకాణంల తింట.”

కోసిన కాయ పారెయ్యమంటారా? పారేస్తే అత్తమ్మ ఊరుకుంటుందా?

28 అక్టోబర్, శుక్రవారం

బావికి వెళ్ళలేదు. కారణాలు:

మెడ పట్టేసింది.
మబ్బుగా ఉంది.
శుక్రవారం.

మానస బడికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, “తొమ్మిది రోజులున్నయమ్మా” అంది. నడక మానేసిన రోజు కూడా ఇలాగే, చాలా మర్యాదగా మాట్లాడింది. నాకు సిగ్గేసింది.

4.00. అత్తమ్మ దగ్గుకు మంచిదని సిలిండర్ గాలి పది గుక్కలు పీల్చింది. గాలి చల్లగా ఉందట. ముల్లు నూట నలభై.

29 అక్టోబర్, శనివారం

ఈరోజు తేదీ చుట్టూ గీత గీశాను.

6.50. నాలుగో మెట్టు. శాంతయ్య గొట్టం నా నోట్లో పెట్టి, కళ్ళద్దం బిగించి, “ఊపిరి బిగబట్టొద్దక్కా, తీసుకుంటా ఇడుస్తా ఉండు. నేను నీ చెయ్యి ఇడ్వ” అన్నాడు. కూర్చున్నాను. నీళ్ళు గడ్డం దాటాయి, ముక్కు దాటాయి, నెత్తి దాటాయి.

ఊపిరి ఆడింది.

ఎలా రాయాలో తెలియడం లేదు. నీళ్ళ కింద ఇంత నిశ్శబ్దం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మిక్సీ లేదు, అత్తమ్మ లేదు, దుకాణం ఫోన్ లేదు. నా ఊపిరి ఒక్కటే బుడగబుడగలుగా వినిపించింది. నా కాళ్ళు పచ్చగా కనిపించాయి. ఒక చిన్న చేప వచ్చి నా బొటనవేలు చూసి పోయింది. ఎనభై దాకా లెక్కపెట్టాను. పైకి వచ్చాక ఏడుపు వచ్చింది. భయంతో కాదు. ఇన్నేళ్ళూ ఇది చూడకుండా బతికానే అని ఏడుపు.

కాయను ఇంట్లోనే మరిచిపోయి వచ్చాం. అయినా మానస కాయ పట్టుకునే పని మానలేదు. దాని నడుముకున్న తాడు కూడా విప్పేశాడు శాంతయ్య. కాయ లేనప్పుడు తాడెందుకని.

30 అక్టోబర్, ఆదివారం

10.00. ఇంట్లో పంచాయితీ. చిక్కు ఇది.

మానస పేపరు ముక్క తెచ్చి చదివింది. పోటీ నియమం: కాయ నిండుగా నీళ్ళలోకి దిగాలి. ముందే కోసి తీసుకుపోకూడదు.

అత్తమ్మ నియమం: నిండు కాయ మీద ఆడదాని కత్తి మొదట పడకూడదు.

“అయితే శాంతయ్య మామ నీళ్ళల్ల మొదటి గాటు పెడితే?” అంది మానస. నిజానికి చాలా మంచి ఉపాయం. కానీ ఆయన వెంటనే లేచి నిలబడ్డాడు.

“బామ్మర్ది చెయ్యి పడ్డదంటే బామ్మర్ది కోసినట్టు లెక్క. నేనన్నది మీ అమ్మ కొయ్యాలని.”

“పోనీ నువ్వు దిగి పెట్టు,” అన్నాను.

“నాకు దుకాణం ఉన్నది,” అన్నాడు. ఆదివారం దుకాణం మూసే ఉంటుంది. ఆయనకు కూడా ఈత రాదన్న సంగతి పద్నాలుగేళ్ళ కాపురంలో నాకు ఈరోజే తెలిసింది.

అత్తమ్మ వక్క నములుతూ, “నేను జెప్పేది జెప్పిన. ఇంటికి అరిష్టమైతే నన్ననొద్దు,” అంది. పంచాయితీ తేలలేదు.

31 అక్టోబర్, సోమవారం

బావికి వెళ్ళలేదు. రేపు దీపావళి. ఇల్లు కడిగాను. ఇది సాకు కాదు, నిజంగానే కడిగాను. రెండుసార్లు కడిగాను.

ఆరు కాయల్లో అయిదు తినేశాం. ఆరోది, అన్నింటికంటే గుండ్రనిది, గుడ్డ చుట్టి మంచం కింద దాచాను. ఆదివారం బావిలోకి దిగేది అదే.

1 నవంబర్, మంగళవారం. దీపావళి

11.30. కాయ లేదు. గుడ్డ ఉంది, కాయ లేదు.

మధ్యాహ్నం ఆయన వచ్చాక అడిగాను. అమావాస్య కదా, దుకాణానికి దిష్టి తియ్యాలి కదా, మార్కెట్లో బూడిద గుమ్మడికాయలు అయిపోయాయి కదా. మంచం కింద ఒకటి కనిపించింది కదా. దాని మీద కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి, దుకాణం ముందు రోడ్డు మీద కొట్టేశాడు. కుంకుమ కూడా అద్దాడట. ఏదో ఘనకార్యం చేసినట్టు చెప్పాడు.

“అది బావి కాయ,” అన్నాను.

“నాకేం తెల్సు? దాని మీద పేరు రాసున్నదా?” అన్నాడు. కానీ ముఖం పాలిపోయింది. నిజంగానే తెలియక చేశాడు. అదే నాకు ఇంకా కోపం. కావాలని చేసి ఉంటే గొడవ పెట్టుకునేదాన్ని.

మానస చిచ్చుబుడ్లు ముట్టుకోలేదు.

2 నవంబర్, బుధవారం

శాంతయ్యను ఊరికి వెళ్ళమన్నాను. ఆదివారం దాకా ఉంటానన్నాడు, వాడి ఇష్టం.

నేనేమీ ఓడిపోలేదు. కాయ లేదు, అంతే. మార్కెట్లో వెతికితే దొరకవచ్చు, కానీ మంచి కాయ దొరకదు. దొరికినా దొడ్డు తోలుది అయి ఉంటుంది. పైగా నా మెడ ఇంకా పట్టేసే ఉంది. అయినా ఆ విదేశాల ఆవిడకు ఇంట్లో వంట ఎవరు చేస్తారు? ఆవిడకు అత్త ఉందా? ఇవన్నీ పేపరులో రాయరు.

సాయంత్రం 5.30. మానస బావి గడ్డ మీద అంగీల పక్కన కూర్చుని ఉందని పక్కింటి ఆవిడ చెప్పింది. నేను వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలి?

డైరీ ఇంతటితో ఆపేస్తున్నాను.

3 నవంబర్, గురువారం

ఆపలేదు. రాయాల్సిన సంగతి జరిగింది.

10.15. అత్తమ్మ మార్కెట్ నుంచి ఆటోలో దిగింది. ఒళ్ళో గుమ్మడికాయ. కొత్త కుండలా నున్నగా, గుండ్రంగా ఉంది. పది రోజులుగా గుమ్మడికాయ పేరు వింటే ముఖం తిప్పుకుంటున్న మనిషి.

“ఎందుకత్తా?”

“కూరకు.”

వంటింట్లోకి తీసుకుపోలేదు. నా మంచం మీద పెట్టింది. పైట చెంగుతో దాని మీద దుమ్ము తుడిచింది.

“నేను గూడ మా తమ్ముళ్ళ అంగీలకు కావలి కూసున్ననే. పదేండ్లు కూసున్న. నడిమి తమ్ముడు మునిగిండు ఒకపారి. అందరు ఒర్లుతున్నరు. నేను అంగీలు పట్టుకొని నిలవడ్డ. దిగుదమంటే ఈత రాదు. ఎవరో దిగి తీసిన్రు గని, వాని చెయ్యి నాకు ఇప్పటికీ కండ్లల్ల మెదుల్తది.”

తర్వాత దగ్గుకుంటూ వెళ్ళిపోయింది. మొదటి గాటు సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

11.00. నీళ్ళ బకెట్. పదిహేను లెక్కపెట్టాను.

5 నవంబర్, శనివారం

రెండు రోజులూ బావికి వెళ్ళాం. ఏడో మెట్టు మీద కూర్చున్నాను. ముల్లు అరవై. ఇంక సాధన వద్దు, ఉన్న గాలి రేపటికి కావాలని శాంతయ్య అన్నాడు. కాయను పాత తిరగలి రాయికి తాడుతో కట్టి మెట్టు మీద పెట్టాలని తీర్మానించాం. రాయి మునుగుతుంది, కాయ దానితో ఉంటుంది.

కత్తి నూరించాను. కళ్ళు ఎక్కడ, నోరు ఎక్కడ అని బొగ్గుతో గీసుకున్నాను.

6 నవంబర్, ఆదివారం

8.00. బావి గడ్డ మీద సగం వీధి. అత్తమ్మకు కుర్చీ వేశారు. ఆయన తీర్పరి కాబట్టి చేతికి గడియారం పెట్టుకుని వచ్చాడు. కాయను రాయికి తానే కడతానన్నాడు. ఎవరూ మోసం చేయకూడదట. కట్టాడు.

8.20. దిగాను. ఒక చేత్తో మెట్టు, ఒక చేత్తో కత్తి. నడుముకు తాడు, దాని చివర పైన శాంతయ్య చేతిలో. నీళ్ళ కింద మళ్ళీ ఆ నిశ్శబ్దం. ఎదురుగా నిండు కాయ. దాని మీద ఇంకా ఎవరి కత్తీ పడలేదు. కత్తి ఆనించి ఒక్క క్షణం ఆగాను. అమ్మ గుర్తొచ్చింది, కాయ చంకన పెట్టుకుని పక్కింటి గడప ముందు నిలబడే అమ్మ. తర్వాత గట్టిగా దించాను. జానెడు గాటు పడింది. నాది. మొదటిది.

రెండోది పెట్టబోతుంటే కాయ కదిలింది. ఆయన ఏ ముడి వేశాడో అప్పుడు అర్థమైంది. ఎరువు సంచుల మూతికి వేసే జారుముడి. ఒక్క లాగుతో ఊడి రావడానికే వేస్తారు దాన్ని. పదిహేనేళ్ళుగా ఆయన చేతికి వచ్చిన ముడి అదొక్కటే. కాయ చేతుల్లోంచి జారి పైకి పోయింది. పట్టుకోబోయాను. నోట్లో గొట్టం ఊడింది. నీళ్ళు మింగాను. శాంతయ్య తాడు లాగాడు, నేను మెట్ల మీద పడ్డాను.

దగ్గి దగ్గి కళ్ళు తెరిచేసరికి కాయ బావి మధ్యలో తేలుతోంది. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు.

“బాగనే ప్రయత్నం చేసినవ్ ఉమా,” అన్నాడు ఆయన. నవ్వలేదు, అది మాత్రం చెప్పాలి. “గని మొకం గాలే. మాట మాటే. మానసా, ఇగ ఈత...”

మాట పూర్తి కాలేదు. మానస దూకింది.

లంగా జాకెట్‌తోనే దూకింది. తాడు లేదు, కాయ లేదు. బారలు వేసుకుంటూ బావి మధ్యకు పోయింది. కాయను ఒక చేత్తో తోసుకుంటూ తిరిగి వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన నోరు తెరిచి మెట్ల దాకా వచ్చేశాడు. చెప్పులు నీళ్ళలో తడుస్తున్నా చూసుకోలేదు.

“ఇదెప్పుడు నేర్సింది?”

“నేర్సలే నాయినా,” అంది మానస, రొప్పుతూ. “కాయ పట్టుకున్న.”

ఆయన నా వైపు చూశాడు. నేను కొంగు పిండుకుంటూ ఉన్నాను.

అత్తమ్మ కాయను ఒళ్ళోకి తీసుకుంది. గాటు మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమింది.  ఆ గాటు ఎవరిదో అందరికీ తెలుసు.

“చేప కొరికినట్టుంది,” అంది.

“చేపనా?” అన్నాడు ఆయన.

“మొగ చేప,” అంది అత్తమ్మ. “ఇగ నడువున్రి, కూర వండుకోవాలె.”

ముందు శాంతయ్య నవ్వాడు. తర్వాత గడ్డ మీద అందరూ నవ్వారు. ఆయన చాలాసేపు మెట్టు మీదే నిలబడ్డాడు. మానస తల తుడుచుకుంటుంటే తన భుజం మీది తువ్వాల తీసి ఇచ్చాడు.

“వచ్చినంక ఇగ నేర్సుకోవద్దని ఎట్లంట,” అన్నాడు. తడిసిన చెప్పులు విప్పుతూ, “ఒక్కదానివి మాత్రం పోకు,” అన్నాడు.

7 నవంబర్, సోమవారం

5.40. లేచాను. శాంతయ్య మొదటి బస్సుకు వెళ్ళిపోయాడు, సిలిండర్ కూడా. ముల్లు సున్నా.

కొత్త తీర్మానం. శివరాత్రి లోపల నిండు గుమ్మడికాయకు నీళ్ళ కింద పూర్తి ముఖం చెక్కాలి. కళ్ళు, ముక్కు, పళ్ళతో సహా. సిలిండర్ లేదు కాబట్టి ముందు ఈత నేర్చుకోవాలి. ముడి నేనే వేసుకోవాలి.

గురువు మానస. చాలా కఠినంగా ఉంది. సాకులు వినదట.

6.45. బావి. మానస నన్ను నీళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, నడుము కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. కళ్ళు మూసుకోమంది. చెయ్యి తీస్తే చెప్పమన్నాను, సరేనంది. చెప్పలేదు. నేను కళ్ళు తెరిచి, చెయ్యి లేదని చూసి, అప్పుడు మునిగాను.

అప్పటికి ఆరు లెక్కపెట్టిందట. రేపు ఏడు.